చిన్న ఊరి ఇన్‌లో పెద్ద భోజనం: తరచుగా అడిగే ప్రశ్నలు

నగరంలో పేరున్న రెస్టారెంట్‌కి వెళ్లడం వేరు, ఏ కొండ పక్కనో ఏటి ఒడ్డునో ఉన్న చిన్న ఊళ్లో పది గదుల ఇన్‌కి భోజనం కోసమే వెళ్లడం వేరు. మొదటిసారి వెళ్లేవాళ్లకి వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అడగడానికి మొహమాటపడేవి కూడా ఇందులో చేర్చాను.

ఇన్ అంటే చిన్న హోటలే కదా? తేడా ఏముంది?

హోటల్లో గదులు ముఖ్యం. దిగినవాళ్లకి ఆకలేస్తుంది కాబట్టి కింద ఒక రెస్టారెంట్ ఉంటుంది. ఇక్కడ వ్యవహారం తిరగబడుతుంది. రాత్రి భోజనానికి వచ్చినవాళ్లు చీకట్లో తిరుగు ప్రయాణం చేయకుండా పడుకోవడానికే పైన గదులు. బ్రిటన్‌లో అయితే ఇలాంటివాటిని సూటిగా 'రెస్టారెంట్ విత్ రూమ్స్' అనే అంటారు. ఫ్రాన్స్‌లో ఓబెర్జ్, జపాన్‌లో ర్యోకాన్ కూడా ఈ కుటుంబానివే.

ఇంకో పెద్ద తేడా వంటగదిలో ఉంది. నగరంలో ఎవరొస్తారో తెలియక అన్నీ సిద్ధంగా పెట్టుకుంటారు. చిన్న ఊళ్లో దారిన పోయేవాళ్లు తలుపు తోసుకుని రావడం అరుదు. ఈ రాత్రి ఎంతమంది, వాళ్లలో ఎవరు ఏం తినరు, ఎన్నింటికి కూర్చుంటారు అన్నది పొద్దున్నే తెలిసిపోతుంది. ఆ లెక్కకి తగ్గట్టే కూరగాయలు కోస్తారు, చేపలు తెప్పిస్తారు, పిండి కలుపుతారు. కింద చెప్పే సలహాల్లో చాలావాటికి కారణం ఇదే. బుకింగ్ రోజున మీరు చెప్పే నాలుగు మాటలతోనే మీ భోజనం మొదలైపోతుంది.

అంత గొప్ప వంటవాళ్లు మారుమూల ఊళ్లో ఎందుకు ఉంటారు?

దీని వెనక టైర్ల వ్యాపారం ఉంది. మిషెలిన్ టైర్ల కంపెనీ 1900లో ఫ్రాన్స్‌లో కారు నడిపేవాళ్ల కోసం ఒక గైడ్ ఉచితంగా పంచింది. జనం ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయి కదా! 1926లో మంచి భోజనం దొరికే చోట్లకి నక్షత్రం గుర్తు పెట్టడం మొదలుపెట్టారు, 1931లో రెండు, మూడు నక్షత్రాలు వచ్చాయి. 1936లో వాటి అర్థం ప్రచురించారు: ఒకటుంటే దారిలో ఆగొచ్చు, రెండుంటే దారి మళ్లి వెళ్లొచ్చు, మూడుంటే దానికోసమే ప్రయాణం కట్టొచ్చు. చూడండి, కొలమానమంతా ప్రయాణం లెక్కలోనే ఉంది. ఊరు ఎంత దూరంలో ఉన్నా వంట బాగుంటే జనం వెతుక్కుంటూ వస్తారన్న నమ్మకం అలా బలపడింది.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో వాషింగ్టన్ అనే ఊరుంది. రాజధాని కాదు, రెండు వందల మంది జనాభా కూడా లేని పల్లె. అక్కడ పాత గ్యారేజీ భవనంలో ప్యాట్రిక్ ఓకానెల్ 1978లో మొదలుపెట్టిన 'ది ఇన్ ఎట్ లిటిల్ వాషింగ్టన్' 2018లో మూడు నక్షత్రాల స్థాయికి చేరింది. ఇంగ్లండ్‌లో కార్ట్‌మెల్ అనే పల్లెలో సైమన్ రోగన్ 2002లో పాత కమ్మరి కొలిమిలో తెరిచిన 'లాన్‌క్లూమ్'కి 2022లో మూడో నక్షత్రం వచ్చింది. దానికి సొంత పొలం కూడా ఉంది. థేమ్స్ ఒడ్డున బ్రే అనే ఊళ్లో రూ సోదరులనే వంటవాళ్లు 1972లో తెరిచిన 'వాటర్‌సైడ్ ఇన్' 1985లో మూడు నక్షత్రాలు అందుకుని దశాబ్దాలపాటు నిలబెట్టుకుంది.

నేల దగ్గర, పాడి దగ్గర, అద్దె భారం తక్కువ. ఇవి లాభాలు. పనివాళ్లు దొరకడం మాత్రం కష్టం. వచ్చినవాళ్లకి ఉండే చోటు కూడా యజమానే చూడాల్సి వస్తుంది. ఇలాంటి చోట్లు చాలావరకు వారంలో రెండు రోజులు, చలికాలంలో కొన్ని వారాలు మూసేయడానికి కారణం బద్ధకం కాదు, ఉన్న కొద్దిమందికీ విశ్రాంతి ఇవ్వాల్సిరావడం.

నక్షత్రం లేకపోతే వెళ్లొద్దా?

నిక్షేపంగా వెళ్లండి. మిషెలిన్ గైడ్ అన్ని దేశాలకీ వెళ్లదు, వెళ్లిన దేశాల్లోనూ ప్రతి ఊరూ చూడదు. పైగా నక్షత్రం ఇచ్చేది పళ్లెంలో ఉన్నదానికే. గది, పరుపు, వేడినీళ్ల సంగతి దానికి పట్టదు. బస కోసం 'కీ' అనే వేరే గుర్తు 2024లో మొదలుపెట్టారు.

గుర్తులు లేని చోట నేను మొదట చూసేది మెనూ. ముప్ఫై కుర్చీల చోట అరవై వంటకాలుంటే చాలావరకు ఫ్రీజర్‌లోంచే వస్తున్నాయని అనుకోవచ్చు. మెనూ చిన్నదిగా ఉండి, కాలాన్ని బట్టి మారుతూ, 'ఈ ప్రాంతపు పంట' అని ఊరికే అనకుండా ఏ తోటదో, ఏ పాకదో పేరు చెబితే అది మంచి లక్షణం. వెబ్‌సైట్లో గదుల ఫొటోలు నలభై, భోజనం ఫొటో ఒకటే ఉంటే అది గదుల వ్యాపారమని గ్రహించండి.

భోజనం చేయాలంటే గది తీసుకోవాల్సిందేనా?

చాలాచోట్ల అక్కర్లేదు. కానీ బల్లలు ముందు గది తీసుకున్నవాళ్లకి కేటాయించి, మిగిలినవే బయటివాళ్లకి ఇస్తారు. శనివారం రాత్రికి బల్లలు లేవన్న చోటే, గది తీసుకుంటామంటే బల్ల దొరకడం మామూలే.

వీలైతే ఉండిపోవడమే మేలని నా అభిప్రాయం. మూడు గంటల భోజనం అయ్యేసరికి రాత్రి పదకొండు అవుతుంది. చిన్న ఊళ్లో ఆ వేళకి ట్యాక్సీ దొరకదు. వైన్ తాగితే కారు నడపకూడదు. తాగకపోయినా, తెలియని రోడ్డు మీద నిండు కడుపుతో నిద్ర ఆపుకుంటూ డ్రైవింగ్ ఏం సుఖం? అలా కాక వెనక్కి వెళ్లాల్సిందే అంటే, బల్ల బుక్ చేసినప్పుడే తిరుగు వాహనం కూడా వాళ్లనే మాట్లాడిపెట్టమనండి.

గది అడిగేటప్పుడు ఒక్క మాట: వంటగది పైన, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కన ఉన్న గది వద్దని చెప్పండి. పాత భవనాల్లో గోడలు మందంగా ఉన్నా చెక్క నేల మాత్రం ప్రతి శబ్దాన్నీ పైకి పంపిస్తుంది.

గది ధరలో భోజనం కలిసే ఉంటుందా?

ఇది కచ్చితంగా అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే పేర్లు గజిబిజిగా ఉంటాయి. 'యూరోపియన్ ప్లాన్' అంటే గది మాత్రమే. 'అమెరికన్ ప్లాన్' అంటే గదితోపాటు మూడు పూటల భోజనం. 'హాఫ్ బోర్డ్' లేదా 'మోడిఫైడ్ అమెరికన్ ప్లాన్' అంటే రెండు పూటలు, సాధారణంగా పొద్దున టిఫిన్, రాత్రి భోజనం. జపాన్ ర్యోకాన్‌లలో ఒక రాత్రి బస, రెండు పూటల భోజనం కలిపి మనిషికి ఇంత అని చెప్పడం పాత పద్ధతి. గదికి కాదు, మనిషికి. ఇద్దరు వెళ్లేటప్పుడు ఈ తేడా బిల్లులో బాగా తెలుస్తుంది.

ఇంకా అడగాల్సినవి: హాఫ్ బోర్డ్‌లో ఇచ్చేది రెస్టారెంట్ అసలు మెనూయేనా, లేక బస చేసేవాళ్లకి వేరే చిన్న మెనూనా? డ్రింక్స్ కలిశాయా? పన్నులు, సర్వీస్ ఛార్జీ అందులోనే ఉన్నాయా?

ఎన్ని రోజుల ముందు బుక్ చేయాలి? కార్డు నంబర్ ఎందుకు అడుగుతారు?

పేరు మోసిన చోట్ల రెండు మూడు నెలల ముందు, మిగతాచోట్ల వారాంతానికైతే కొన్ని వారాల ముందు. మంగళ, బుధవారాల్లో తెరిచి ఉంటే అప్పుడు సులువుగా దొరుకుతుంది, వంటవాళ్లు కూడా నింపాదిగా ఉంటారు. బల్ల ఖాయం చేసుకున్నాకే రైలో, విమానమో బుక్ చేయండి. తలకిందులుగా చేసి, మూసి ఉన్న తలుపు ముందు నిలబడేవాళ్లు ప్రతి సీజన్‌లో ఉంటారు.

కార్డు సంగతికొస్తే, ఇరవై నాలుగు కుర్చీలున్న గదిలో నలుగురు రాకపోతే ఆ రాత్రి ఆదాయంలో ఆరో వంతు పోయినట్టే. నగరంలో ఆ కుర్చీల్లో వేరే ఎవరో కూర్చుంటారు, ఇక్కడ ఎవరూ రారు. తెచ్చిన చేప మర్నాటికి పనికిరాదు. అందుకే రద్దుకి గడువు పెడతారు, అది దాటితే డబ్బు పట్టుకుంటారు. ఇది దౌర్జన్యమేమీ కాదు. రాలేకపోతే వీలైనంత ముందు ఫోన్ చేయండి. ఆలస్యమవుతుందనుకున్నా చెప్పండి, ఇరవై నిమిషాలు వెనక్కి జరపడం వాళ్లకి పెద్ద పని కాదు, చెప్పకుండా జరిగితేనే ఇబ్బంది.

నేను శాకాహారిని. 'వెజిటేరియన్' అని చెబితే సరిపోదా?

సరిపోదు. ఆ మాటకి ఒక్కో వంటగదిలో ఒక్కో అర్థం.

చాలా దేశాల్లో వెజిటేరియన్ భోజనంలో గుడ్డు ఉంటుంది. మీరు తినకపోతే విడిగా చెప్పాలి. ముక్కలు కనబడకపోయినా మాంసం ఉండే చోట్లు చాలా ఉన్నాయి. సూపులు, సాస్‌లు ఎముకలు మరిగించిన స్టాక్‌తో చేస్తారు. మూస్ అనే నురగలాంటి తీపి వంటకాలు, జెల్లీలు గట్టిపడటానికి వాడే జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది. కొన్ని పేస్ట్రీల్లో పంది కొవ్వు వేస్తారు. అసలు సిసలు పార్మిజానో రెజ్జానో చీజ్‌లో పాలు విరవడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు. వూస్టర్ సాస్‌లో మామూలుగా ఆంకోవీ చేప ఉంటుంది. జపాన్‌లో అయితే వట్టి కూరగాయల వంటకంలో కూడా దాషి రసం పడుతుంది, అది చాలావరకు ఎండబెట్టిన బొనీటో చేప పొరలతో చేసేదే. ఇక సాస్‌ల్లో, డెజర్ట్‌ల్లో వైన్, బ్రాందీ పోయడం సర్వసాధారణం. కాస్తే కదా అనుకుంటారు, మీకు అది పట్టింపైతే చెప్పాలి.

కాబట్టి బుకింగ్‌లో ఇలా రాయండి: "మాలో ఇద్దరం మాంసం, చేప, గుడ్డు తినం. ఎముకల స్టాక్, జెలటిన్, రెనెట్ కూడా వద్దు. పాలు, వెన్న పర్వాలేదు. వంటలో మద్యం వద్దు." ఏం తినరో చెప్పి ఊరుకోకుండా ఏం తింటారో కూడా చెప్పడం చాలా ముఖ్యం. దాని మీదే వంటవాడు ఆలోచన మొదలుపెడతాడు. వెళ్లడానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి మరోసారి గుర్తుచేయండి.

ఇదంతా బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే? గంటల తరబడి మరిగిన స్టాక్ అప్పటికే ప్రతి సాస్‌లోనూ కలిసిపోయి ఉంటుంది. మీకు దొరికేది సలాడ్, ఉడికించిన కూరగాయలు, ఒక క్షమాపణ. ముందే చెప్పినచోట మాత్రం శాకాహార మెనూ మిగతావాళ్ల పళ్లేలకంటే బాగుండటం ఎన్నోసార్లు చూశాను, ఎందుకంటే వెనక తోట ఉన్న వంటవాడికి అదే తన పనితనం చూపించే అవకాశం.

ఎలర్జీ ఉంటే?

ఇది వేరే సంగతి, ఇష్టాయిష్టాలతో కలపొద్దు. వంకాయ ఇష్టం లేకపోతే ఇష్టం లేదనండి, ఎలర్జీ అనకండి. ఎలర్జీ అనగానే కత్తులు, పలకలు, గిన్నెలు అన్నీ మార్చాలి, వంటగది మొత్తం టెన్షన్ పడుతుంది. నిజంగా ఉంటే ఎంత తీవ్రమో స్పష్టంగా చెప్పండి: ముట్టుకుంటే చాలా, తింటేనా? యూరోపియన్ యూనియన్‌లో 14 రకాల ఎలర్జీ కారకాల వివరం ఇవ్వడం 2014 డిసెంబర్ నుంచి తప్పనిసరి. నువ్వులు, ఆవాలు, సెలరీ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఎలర్జీకి వాడే మందు మీ దగ్గరే ఉంచుకోండి. చిన్న ఊరికి ఆసుపత్రి దగ్గరలో ఉండకపోవచ్చు.

టేస్టింగ్ మెనూ తీసుకోవాలా, విడిగా ఆర్డర్ చేయాలా?

చాలా ఇన్‌లలో రాత్రికి ఎంపికే ఉండదు, ఆరు నుంచి పన్నెండు చిన్న వంటకాలు వరసగా వస్తాయి, టేస్టింగ్ మెనూ అంటే అదే. ఎంపిక ఉన్నచోట, మొదటిసారైతే టేస్టింగ్ మెనూలో చిన్నది తీసుకోండి. బల్లమీద అందరూ అదే తీసుకోవాలని షరతు పెడతారు. ఒకరికి పన్నెండు, ఇంకొకరికి మూడు వంటకాలైతే ఒకరు తింటుంటే మరొకరు చూస్తూ కూర్చోవాలి, వంటగది లెక్క కూడా తప్పుతుంది.

రెండున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది. మొదట వచ్చే ఒక్క ముక్క చిరుతిళ్లు, తీపికి ముందు వచ్చే చిన్న తీపి, చివర కాఫీతో వచ్చే మిఠాయిలు మెనూ ధరలోనే ఉంటాయి, వాటికి బిల్లు వేయరు. అందరూ తప్పు చేసేది బ్రెడ్ దగ్గర. వేడివేడిగా, మంచి వెన్నతో వస్తుంది, కడుపు అక్కడే నిండుతుంది. సాయంత్రం ఇన్ వాళ్లు లాంజ్‌లో పెట్టే కేకులు, బిస్కెట్లు కూడా ఇలాంటి ఉచ్చే. మధ్యాహ్నం తేలిగ్గా తిని, సాయంత్రం కాస్త నడిచి రండి.

ఏ ఫోర్క్ ఎప్పుడు వాడాలి?

బయటివైపు నుంచి లోపలికి. తప్పు తీసినా ఎవరూ పట్టించుకోరు, తర్వాతి వంటకానికి సరైనది తెచ్చి పెడతారు. తినడం అయ్యాక కత్తి, ఫోర్క్ రెండూ పళ్లెంలో పక్కపక్కన పెడితే తీసేయొచ్చని అర్థం.

వైన్ గురించి నాకేమీ తెలియదు. ఏం చేయాలి?

తెలియదని చెప్పడమే. సొమెలియే అంటే వైన్ సంగతి చూసే మనిషి, ఆయన ఉద్యోగమే అది. ధర పైకి చెప్పడం ఇష్టం లేకపోతే లిస్టులో మీ బడ్జెట్‌కి తగ్గ అంకె మీద వేలు పెట్టి "ఇలాంటిది" అనండి, అర్థమైపోతుంది.

సీసా తెరిచి గ్లాసులో కొద్దిగా పోసి మీవైపు చూసేది మీకు నచ్చిందా లేదా అని కాదు, చెడిపోయిందేమో చూడమని. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ వల్ల పాడైనట్టు, చెబితే మారుస్తారు. వాసన బాగుంటే తల ఊపండి, చాలు.

ప్రతి వంటకానికీ ఒక వైన్ పోసే 'పెయిరింగ్' తీసుకునేముందు లెక్క వేసుకోండి. ఒక్కోటి 75 మిల్లీలీటర్లైనా ఆరు గ్లాసులకి 450 అవుతుంది, అంటే మామూలు సీసాలో సగం కంటే ఎక్కువ. ఇద్దరు కలిసి ఒక పెయిరింగ్ పంచుకుంటామంటే చాలాచోట్ల కాదనరు. మద్యం తాగనివాళ్లకి రసాలు, పులియబెట్టిన పానీయాలు, టీలతో పెయిరింగ్ చేసేవాళ్లు పెరిగారు. కొన్నిచోట్ల అది వైన్ కంటే ఆసక్తిగా ఉంటుంది, ఇంకొన్నిచోట్ల తీపి నీళ్లే. తీపి ఎంత ఉంటుందో ముందే అడగండి.

సూటు వేసుకోవాలా?

చాలాచోట్ల అక్కర్లేదు. ఉతికిన, ఇస్త్రీ చేసిన బట్టలు, మూసిన బూట్లు చాలు. కొన్ని పాతకాలపు చోట్ల మగవాళ్లకి జాకెట్ నియమం ఇంకా ఉంది, అది వెబ్‌సైట్లోనే రాసి ఉంటుంది.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? ఒంటరిగా వెళ్లొచ్చా?

పిల్లల విషయంలో వాళ్ల నియమం అడగండి. కొన్నిచోట్ల రాత్రి భోజనానికి వయసు పరిమితి ఉంటుంది. అనుమతించినా, ఆరేళ్ల పిల్లకి నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవడం శిక్షే. మధ్యాహ్న భోజనానికి తీసుకెళ్లడం నయం.

ఒంటరిగా అయితే హాయిగా వెళ్లండి. ఒక్కరికి బల్ల ఇవ్వడానికి వారాంతంలో కొందరు వెనకాడతారు, మిగతా రోజుల్లో ఇబ్బంది ఉండదు. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు ఒంటరివాళ్లతో ఎక్కువ మాట్లాడతారు కూడా.

ఏదైనా నచ్చకపోతే, తేడాగా ఉంటే?

అప్పుడే చెప్పండి. చల్లారిపోయింది, ఉప్పెక్కువైంది, పచ్చిగా ఉంది అంటే మార్చి తెస్తారు. బాగానే ఉందని నవ్వి, ఇంటికెళ్లి ఒక్క నక్షత్రం రివ్యూ రాయడం వల్ల మీ భోజనమూ బాగుపడదు, వాళ్లకీ సరిదిద్దుకునే వీలు ఉండదు. ఒక్క ముద్ద తిన్నాక చెప్పాలి, పళ్లెం ఖాళీ చేశాక కాదు.

టిప్ ఎంత ఇవ్వాలి?

ముందు బిల్లులో సర్వీస్ ఛార్జీ ఉందేమో చూడండి. ఫ్రాన్స్‌లో అది ధరలోనే కలిసి ఉంటుంది. జపాన్‌లో టిప్ అలవాటు లేదు. అమెరికాలో ఇవ్వకపోతే తప్పుగా చూస్తారు, దాదాపు ఐదో వంతు మామూలు. భోజనం గది బిల్లులో కలిపితే, టిప్ వడ్డించినవాళ్లకి చేరుతుందా అని అడగడంలో తప్పులేదు.

పొద్దున టిఫిన్ వదిలేసి త్వరగా బయల్దేరొచ్చా?

దయచేసి వద్దు. రాత్రి భోజనం ఎవరైనా ఊపిరి బిగబట్టి బాగా చేస్తారు. ఇన్ నిజంగా ఎలాంటిదో పొద్దున తెలుస్తుంది. జామ్ వాళ్లే కాచిందా, ప్యాకెట్‌లోదా? గుడ్డు మీరు అడిగాక వేస్తున్నారా, వెచ్చటి పెట్టెలో గంట నుంచి ఉందా? బ్రెడ్ ఆ పొద్దున కాల్చిందేనా? రాత్రి పన్నెండు వంటకాలు పెట్టి, పొద్దున కవర్లో క్రొసాంట్ ఇచ్చే చోటికి నేను రెండోసారి వెళ్లను. ఎన్నింటి వరకు పెడతారో రాత్రే అడిగి పెట్టుకోండి, చిన్న చోట్ల వేళ కచ్చితంగా పాటిస్తారు.

ఇంత ఖర్చు పెట్టలేను. వేరే దారి ఉందా?

ఉంది. మధ్యాహ్న భోజనం. అదే వంటగది, అదే వంటవాళ్లు, తక్కువ వంటకాలు, చాలా తక్కువ ధర, కిటికీలోంచి వెలుతురు కూడా. కొన్ని ఇన్‌లలో బార్ గదికి వేరే చిన్న మెనూ ఉంటుంది, దానికి బుకింగ్ కూడా అడగరు. సీజన్ కాని రోజుల్లో గది, భోజనం కలిపి తగ్గింపు ఇస్తారు. ఊళ్లో ఇంకో మామూలు బసలో దిగి, నడిచి వెళ్లి భోజనం మాత్రం ఇక్కడ చేసేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే టార్చిలైట్ వెంట ఉంచుకోండి, పల్లె రోడ్లకి దీపాలుండవు.